గంజాయి తాగి నెమ్మదిగా నడిపితే సరిపోతుందా?

నేను డ్రైవింగ్ నేర్పిస్తాను. పక్క సీట్లో కూర్చుంటాను, నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కాస్త చనువు కుదిరాక అడిగే ప్రశ్న ఈ మధ్య ఒకటి ఎక్కువగా వినపడుతోంది. కుర్రాళ్లే అడుగుతున్నారని కాదు, పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా అడుగుతున్నారు. "మేడమ్, మందు కొట్టి నడపడం తప్పే, ఒప్పుకుంటాం. గంజాయికి అంత ఉండదు కదా? అది తాగితే ఇంకా నెమ్మదిగా, జాగ్రత్తగా నడుపుతాం."

వాళ్లు వాదన కోసం అనడం లేదు, నిజంగానే నమ్ముతున్నారు. కసిరి నోరు మూయిస్తే ఆ నమ్మకం ఎక్కడికీ పోదు, ఇంకోసారి నన్ను అడగడం మాత్రం మానేస్తారు. పైగా అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడిదాకా నిజమో, ఎక్కడ తెగిపోతుందో తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

నిజమైన సగం ముందు చెబుతాను. గంజాయి ప్రభావంలో ఉన్న డ్రైవర్లు సగటున స్పీడు తగ్గిస్తారు, ముందున్న బండికి ఎక్కువ దూరం వదులుతారు, ఓవర్‌టేక్ చేయడానికి అంతగా తొందరపడరు. మద్యం తాగినవాళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1990ల్లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో అసలు రోడ్ల మీదే చేసిన పరీక్షల్లో కూడా ఈ తేడా కనపడింది. కాబట్టి నెమ్మదిగా నడుపుతామనే మాట అబద్ధం కాదు.

కానీ ఎందుకు నెమ్మదిస్తున్నారన్నది చూడాలి. ఏదో తేడాగా ఉందని వాళ్లకే తెలుస్తుంది. కన్ను చూసినదానికి చెయ్యి అందుకోవడం లేదని లోపల ఎక్కడో అర్థమవుతుంది. అందుకని తమ చేతనైన స్పీడుకు దిగుతారు. రోడ్డు ఖాళీగా ఉండి, బండ్లు పద్ధతిగా వస్తున్నంతసేపు ఆ ఏర్పాటు నడుస్తుంది. స్పీడు తగ్గించడం వల్ల బాగుపడని పనులు డ్రైవింగ్‌లో చాలా ఉన్నాయి. గంజాయి దెబ్బతీసేది ముఖ్యంగా వాటినే.

మొదటిది బండిని లేన్‌లో నిలబెట్టడం. కొత్తవాళ్లతో నేను ఉన్నప్పుడు రోడ్డు కంటే వాళ్ల చేతుల్నే ఎక్కువ చూస్తుంటాను. తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా చెయ్యి తిరిగిన డ్రైవర్ స్టీరింగ్ ఒక్క క్షణం ఊరికే ఉండదు. ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి. రోడ్డు వాలు, పక్కనుంచి పోయే లారీ గాలి, టైరు కింద చిన్న ఎత్తు, ప్రతిదానికీ చెయ్యి దానంతటదే సర్దుకుంటూ పోతుంది. నడిపేవాళ్లకు ఆ సంగతి కూడా తెలియదు. ఆ సర్దుబాట్లు ఆలస్యమైతే ఏమవుతుందంటే, బండి మెల్లగా ఒక పక్కకు జారుతుంది, తర్వాత ఒక్క పెద్ద మలుపుతో వెనక్కి వస్తుంది, మళ్లీ రెండో పక్కకు జారుతుంది. పరిశోధకులు కొలిచేది కూడా ఈ ఊగడాన్నే. బండికి కెమెరా బిగించి, పక్కనున్న తెల్లగీతకు దూరం ఎంత మారుతోందో లెక్కగడతారు.

మాస్ట్రిక్ట్‌లోనే చేసిన ఇంకో పరీక్ష ఫలితాలు 2020లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చాయి. అప్పుడప్పుడు గంజాయి వాడే 26 మంది ఆరోగ్యవంతులు, మామూలు హైవే, 100 కిలోమీటర్ల డ్రైవింగ్. పక్క సీట్లో నాలాంటి ఇన్‌స్ట్రక్టర్, ఆయన కాళ్ల దగ్గర రెండో సెట్టు పెడల్స్. గంజాయిలో మత్తు తెచ్చే పదార్థం టీహెచ్‌సీ. అది ఎక్కువగా ఉన్నది ఒకసారి, గంజాయిలోనే ఉండే మత్తు లేని ఇంకో పదార్థం సీబీడీ ఎక్కువగా ఉన్నది ఒకసారి, రెండూ సమంగా ఉన్నది ఒకసారి, ఏదీ లేని ఉత్తిది ఒకసారి ఇచ్చి నడిపించారు. టీహెచ్‌సీ పీల్చిన 40 నిమిషాల నుంచి 100 నిమిషాల మధ్య నడిపినప్పుడు లేన్‌లో ఊగడం స్పష్టంగా పెరిగింది. కొన్ని దేశాల్లో డ్రైవర్లకు చట్టం పెట్టిన హద్దు, అంటే రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పుడు ఎంత ఊగుతారో ఇంచుమించు అంతే. సీబీడీ కలిస్తే మత్తు తగ్గుతుందని చాలామంది చెబుతుంటారు. రెండూ సమంగా ఉన్నది పీల్చినప్పుడు కూడా ఊగడం ఏమీ తగ్గలేదు. సీబీడీ ఒక్కటే పీల్చినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

సగటున ఆ పెరుగుదల రెండు మూడు సెంటీమీటర్లే. "అంతేనా" అని తేలిగ్గా తీసుకునే అంకె కాదది. సగటు రెండు మూడు సెంటీమీటర్లు పెరగాలంటే దారిలో కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు పక్కకు వెళ్లి ఉండాలి. సైకిల్ మీద పోయేవాళ్లకు తగిలేది సగటు కాదు, ఆ కొన్నిచోట్ల జారిన దూరం.

రెండోది ఒకేసారి రెండు పనులు చూసుకోవడం. నా దృష్టిలో డ్రైవింగ్ అంటే అసలు ఇదే. స్టీరింగ్ తిప్పడం ఎవరికైనా నేర్పించవచ్చు. తిప్పుతూనే అద్దం చూడటం, చూస్తూనే పక్క సందులోంచి వచ్చే మనిషిని కనిపెట్టడం నేర్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

లైసెన్స్ ఉండి చాలాకాలం బండి ముట్టనివాళ్లు మళ్లీ చెయ్యి అలవాటు చేసుకోవడానికి వస్తుంటారు. అలా వచ్చిన ఒకాయనతో ప్రాక్టీస్ గ్రౌండ్‌లో జరిగింది చెబుతాను. మనిషి నెమ్మదస్తుడు, మర్యాదగా మాట్లాడతాడు. తిన్నగా ఒక రౌండు వేశాడు, వంక పెట్టడానికి లేదు. గేర్లు మెత్తగా మారాయి, స్పీడు ఎక్కడా పెరగలేదు. రెండో రౌండులో అందరికీ పెట్టే పరీక్షే పెట్టాను. కోన్ల మధ్య నుంచి బండి పోనిస్తూ, పక్కన స్తంభాలకు కట్టిన బోర్డుల మీది అంకెలు పైకి చదవాలి. ఆయన అంకెలన్నీ సరిగ్గా చదివాడు. ఒక్కటీ తప్పలేదు. కానీ నాలుగో బోర్డు దగ్గరికి వచ్చేసరికి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. బండి ఎడమకు జారుతోంది, వేళ్లు కదలడం లేదు. కోన్ బంపర్ కింద పడి బరబరా ఈడ్చుకొస్తున్న చప్పుడు నాకు వినపడుతోంది. ఆయన తర్వాతి అంకె చదివాడు. బ్రేకు నేను తొక్కాను.

బండి ఆగాక "ఏమైంది మేడమ్?" అన్నాడు. ఆ గొంతులో తడబాటు లేదు. కోన్ పడిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. దిగి చూపిస్తే నమ్మలేకపోయాడు. అప్పుడు చెప్పాడు, పొద్దున రెండు దమ్ములు లాగానని. "రెండు గంటలైంది మేడమ్, ఎప్పుడో దిగిపోయింది." ఆ రోజు తాళం మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. వాళ్ల తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదనే నేను అనుకుంటున్నాను. దిగిపోయిందని ఆయనకు నిజంగానే అనిపించి ఉంటుంది. ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి నాకు ఇదే. మత్తు దిగిందన్న భావన ముందు వస్తుంది, చెయ్యి కుదురుకోవడం తర్వాత జరుగుతుంది. మధ్యలో ఖాళీ ఉంటుంది. జనం తాళాలు తీసుకుని బయల్దేరేది ఆ ఖాళీలోనే.

దీన్ని కొలిచి చూశారు కూడా. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 191 మంది అలవాటున్న వాడకందార్లను తీసుకుని, కొందరికి టీహెచ్‌సీ ఉన్న గంజాయి, కొందరికి లేనిది ఇచ్చి సిమ్యులేటర్‌లో నడిపించారు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. తాగిన అరగంటకు టీహెచ్‌సీ తాగినవాళ్ల డ్రైవింగ్ దెబ్బతింది. అప్పుడు వాళ్లకూ భయమే, ఇప్పుడు నడపలేమనే అన్నారు. గంటన్నరకు చాలామందికి ధైర్యం వచ్చేసింది, ఇక నడపగలం అన్నారు. సిమ్యులేటర్‌లో మాత్రం అరగంటప్పటి కంటే ఏమీ మెరుగుపడలేదు. నాలుగున్నర గంటలు గడిచాక గానీ రెండు గుంపుల మధ్య తేడా పోలేదు. రోజూ తాగేవాళ్లం, మాకేం కాదు అనేవాళ్లు ఆ 191 మందీ అలవాటున్నవాళ్లేనని గుర్తుపెట్టుకోవాలి. అలవాటు వల్ల కొంత తట్టుకునే శక్తి వస్తుంది, కాదనను. పూర్తిగా మాత్రం రాదు.

ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఇదంతా వింతగా అనిపించదు. టీహెచ్‌సీ మెదడులో సీబీ1 అనే గ్రాహకాలకు, అంటే కణాల మీద సంకేతాలు అందుకునే చోట్లకు, అతుక్కుంటుంది. అవి దట్టంగా ఉండేచోట్లలో ఒకటి చిన్నమెదడు, కదలికల్లో కూర్పు, టైమింగ్ చూసుకునేది అదే. ఇంకోటి హిప్పోకాంపస్, అప్పుడే చూసినదాన్ని పట్టి ఉంచడంలో దానికి పాత్ర ఉంది. అద్దంలో బైకు కనపడింది, మళ్లీ ముందుకు చూశాం. రెండు సెకన్ల తర్వాత లేన్ మారేటప్పుడు ఆ బైకు ఇంకా మన పక్కనే ఉందన్న సంగతి మనసులో నిలవాలి. అది జారిపోతే ఎంత నెమ్మదిగా లేన్ మారినా ఏం లాభం?

కాలం సంగతి కూడా చెప్పాలి. గంజాయి మత్తులో టైము సాగినట్టు ఉంటుంది. కళ్లు మూసుకుని 30 సెకన్లు అయ్యాక చెప్పమంటే చాలామంది ముందే అయిపోయిందంటారు. మత్తులో నడిపేవాళ్లను గుర్తించడానికి కొన్ని దేశాల్లో శిక్షణ పొందిన పోలీసులు చేసే పరీక్షల్లో ఇదీ ఒకటి. ఎదురుగా వచ్చే బండి ఇక్కడికి చేరేలోపు మనం మలుపు తిరగగలమా లేదా అన్నది పూర్తిగా ఈ లోపలి గడియారం మీద ఆధారపడే నిర్ణయం. 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. మన బండి నెమ్మదిగా ఉండొచ్చు, ఎదుటి బండి నెమ్మదిగా ఉండదు కదా.

ఇక్కడ కొందరు తెలివిగా ఇంకో ప్రశ్న వేస్తారు. మందుకు ఊదించి అంకె చెప్పినట్టు దీనికీ ఒక అంకె ఉంటుంది కదా, దాని లోపల ఉంటే సరిపోదా అని. అంకెలు ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నుంచి రక్తంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల టీహెచ్‌సీ హద్దు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 5. జర్మనీ 2024లో తన హద్దును 1 నుంచి 3.5కు పెంచింది, అది రక్తరసిలో, అంటే రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, కొలిచే లెక్క. ఒక్కో దేశానికి ఒక్కో అంకె ఎందుకంటే మద్యానికి కుదిరినట్టు దీనికి లెక్క కుదరదు. పొగ పీల్చిన కొన్ని నిమిషాల్లోనే రక్తంలో టీహెచ్‌సీ పతాక స్థాయికి పోయి, గంట రెండు గంటల్లో బాగా పడిపోతుంది. మత్తు అంత త్వరగా పడిపోదు. ఇంకోవైపు టీహెచ్‌సీ కొవ్వులో నిలవుంటుంది కాబట్టి రోజూ వాడేవాళ్ల రక్తంలో, మానేసిన కొన్ని రోజులకు కూడా కాస్త కనపడుతుంది. మూత్రంలో దాని అవశేషాలు వారాల తరబడి ఉండొచ్చు. శాన్‌డియాగో పరీక్షలో కూడా రక్తంలోని మోతాదుకు, డ్రైవింగ్ ఎంత చెడిందన్నదానికి పొంతన కుదరలేదు. అంటే అంకె లోపల ఉన్న మనిషి చెయ్యి తిన్నగా ఉందన్న హామీ లేదు. అంకె దాటిన ప్రతి మనిషీ ఆ క్షణాన మత్తులో ఉన్నాడనీ లేదు. రెండోది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఎప్పుడో వాడినదానికి ఈ రోజు లైసెన్స్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. అలాగని మొదటిది తేలిక అయిపోదు.

యాక్సిడెంట్ల లెక్కల్లో కూడా ఇదే చిక్కు. గంజాయి వాడి నడిపితే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. 2015లో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వర్జీనియా బీచ్‌లో చేసిన పెద్ద అధ్యయనం, డ్రైవర్ల వయసు, మద్యం లాంటివి లెక్కలోకి తీసుకుంటే చెప్పుకోదగ్గ పెరుగుదల లేదంది. 2016లో పాత లెక్కల్ని మళ్లీ సరిచూసినవాళ్లు 20 నుంచి 40 శాతం పెరుగుదల దగ్గర ఆగారు. మద్యం తెచ్చే ప్రమాదం వీటన్నిటికంటే చాలా ఎక్కువ. ఈ మాట నేను దాచను. గంజాయీ మందూ ఒకటేనని బెదిరిస్తే, అది ఒకటి కాదని తెలిసిన కుర్రాడు మిగతా మాటలు కూడా వినడం మానేస్తాడు. పైగా ఈ అధ్యయనాలు ఎక్కువగా చూసేది ఒంట్లో టీహెచ్‌సీ ఉందా లేదా అని. నిన్న వాడినవాళ్లు, ఇప్పుడే తాగి ఎక్కినవాళ్లు ఒకే గుంపులో పడితే అసలు ప్రమాదం పలచబడి కనపడుతుంది.

మందూ గంజాయీ కలిపితే మాత్రం వాదనకు తావు లేదు. అయోవా యూనివర్సిటీ సిమ్యులేటర్‌లో చేసిన పరీక్షలో రెండూ తీసుకున్నవాళ్లు లేన్‌లో ఊగడం ఒకదాని మీద ఒకటి పేరుకుంది. మద్యం ఒంట్లో ఉంటే రక్తంలోకి చేరే టీహెచ్‌సీ కూడా పెరుగుతుందని వాళ్లే చూశారు. "రెండు పెగ్గులే, రెండు దమ్ములే" అని విడివిడిగా లెక్కేసుకునేవాళ్లు ఈ కూడికను వేయరు.

నాకు ఎక్కువ టెన్షన్ తెప్పించేది తినే రకం. కేకుల్లోనో చాక్లెట్లలోనో కలిపి తింటే అది కడుపులోంచి కాలేయానికి పోయి, అక్కడ ఇంకో రూపంలోకి మారి రక్తంలోకి వస్తుంది. ఆ రూపానికీ మత్తు ఉంటుంది. ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. తిన్న ముప్పావు గంటకు ఏమీ అనిపించక ఇంకో ముక్క తినేవాళ్లు కొందరు. ఏమీ అనిపించడం లేదు కదా అని ఈలోపు ఇంటికి పోదామని బండెక్కేవాళ్లు కొందరు. వీళ్లకు మత్తు దారి మధ్యలో ఎక్కుతుంది, ఎక్కాక గంటల తరబడి దిగదు. బయల్దేరేటప్పుడు తమను తాము ఎంత నిజాయితీగా పరీక్షించుకున్నా వాళ్లకు అది తెలిసే వీలు లేదు.

మరి ఎన్ని గంటలు ఆగాలి? తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. తక్కువ ప్రమాదంతో వాడటం ఎలా అన్నదాని మీద కెనడాలో 2017లో వెలువడిన మార్గదర్శకాలు కనీసం 6 గంటలు అన్నాయి. సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 80 అధ్యయనాలను కలిపి చూసి 2021లో ఇచ్చిన లెక్క 3 నుంచి 10 గంటలు. ఎంత బలమైనది, పీల్చారా తిన్నారా, అలవాటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. నేనైతే పీల్చితే ఆ పూటంతా, తింటే మర్నాటిదాకా స్టీరింగ్ ముట్టొద్దంటాను. కాఫీ, చన్నీళ్ల స్నానం లాంటివి ఈ గంటల్ని తగ్గించవు. డాక్టర్ రాసిచ్చిన మందుగా వాడేవాళ్లకు కూడా గంటలు ఇవే, కొత్తగా మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఈ నిర్ణయం తాగాక తీసుకునేది కాదు. "నేను బాగానే ఉన్నాను" అని తేల్చాల్సిన బుర్రే అప్పుడు మత్తులో ఉంది. ఆ సాయంత్రం తాగే ఉద్దేశం ఉంటే బండి ఇంట్లోనే వదిలి బయల్దేరాలి, లేదా తాళం తాగనివాళ్ల చేతికి ముందే ఇచ్చేయాలి. పక్కన కూర్చునేవాళ్లకు కూడా చెబుతున్నాను. డ్రైవర్ మామూలుగా మాట్లాడుతున్నాడా లేదా అని చూడకండి, ఆ రోజు గ్రౌండ్‌లో ఆయన నాతో చక్కగా మాట్లాడాడు. ఎప్పుడు తాగాడో అడగండి. గంటలు చాలకపోతే ఎక్కకండి, ఎక్కి ఉంటే దిగిపోండి.

నా దగ్గర నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను. తాగి ఉంటే ఫోన్ చేసి "ఇవాళ రాలేను మేడమ్" అనండి చాలు. క్లాసు ఇంకో రోజుకు మారుస్తాను, కారణం అడగను, డబ్బు కోయను. ఇలా అయితే అలుసైపోతామని తోటి ఇన్‌స్ట్రక్టర్లు అంటారు. ఫోన్లు వస్తున్నాయి. రావాలనే ఆ మాట చెప్పాను.